తీగల మీద వాలిన చెట్టు

2024 మే 26 సాయంత్రం నాగర్‌కర్నూల్ జిల్లాలో గాలిదుమారం లేచింది. తాడూరు మండలం ఇంద్రకల్ శివారులో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఒక్క పూటలో పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి రోజు గురించి రాసే వార్తలో మరణాలు ముందుంటాయి, అది న్యాయమే. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకే వాక్యం కనిపిస్తుంది: చెట్లు విరిగి తీగలపై పడటంతో కరెంటు నిలిచిపోయింది, సిబ్బంది పునరుద్ధరణ పనుల్లో ఉన్నారు. ఆ చివరి వాక్యం వెనక ఉన్న పని గురించే ఈ వ్యాసం.

సిబ్బంది అంటే చాలాచోట్ల ఒక లైన్‌మన్, ఒక ఆర్టిజన్, ఊళ్లోంచి తోడు తెచ్చుకున్న ఒకరిద్దరు. చేతిలో గొడ్డలి, మోకు, నిచ్చెన. దొరికితే చెట్లు కోసే మిషన్. వాళ్లు వచ్చేసరికి గాలి తగ్గి ఉంటుంది, వాన వెలిసి ఉంటుంది, చెట్టు పడిపోయి ఉంటుంది, కరెంటు పోయి ఉంటుంది. జరగాల్సిందంతా జరిగిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి పడిన చెట్టులోనూ, కుంగిన తీగలోనూ, కరెంటు లేదనుకున్న లైనులోనూ బోలెడు శక్తి పట్టుబడి ఉంటుంది. గొడ్డలి మొదటి దెబ్బ పడినప్పుడు అది బయటికొస్తుంది. ఈ పనిలో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇదే జిల్లాలోని అచ్చంపేట ఉన్న చోటే ఈ పనిని కష్టతరం చేస్తుంది. హాజీపూర్ దగ్గర శ్రీశైలం హైవే ఎక్కి దక్షిణంగా పోతే మన్ననూర్ దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి మొదలవుతుంది. ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా దారంతా ఆ అడవిలోనే. రాత్రిళ్లు ఆ దారిలో రాకపోకలు ఆపేస్తారు. అడవికి ఇవతల బల్మూర్, ఉప్పునుంతల వైపు ఎర్ర చెల్కలు, బోరు మోటార్లు, పొలాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్లు. అడవిలో చెట్లు ఎక్కువ, ఇవతల తీగలు ఎక్కువ. గాలికి రెండూ ఒకటే.

ఆ గాలి ఎలా పుడుతుంది? ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రం మీది నుంచి వచ్చిన తేమ ఆ వేడికి నిట్టనిలువునా పైకి లేచి క్యుములోనింబస్ మేఘమవుతుంది. మొగులు కమ్మిన కాసేపటికి వాన, వడగళ్లు దిగుతాయి. అవి కిందున్న పొడిగాలిలో కొంత ఆవిరైపోతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి నేల మీదికి దబ్బున దిగి, అక్కడి నుంచి నలువైపులకూ దూసుకుపోతుంది. దీన్నే డౌన్‌బరస్ట్ అంటారు. గాలి వేగం రెండింతలైతే చెట్టు మీద పడే బలం నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలిని ఏళ్ల తరబడి తట్టుకున్న వేపచెట్టు 80 కిలోమీటర్ల గాలికి ఎందుకు కూలిందో ఆ లెక్కలోనే ఉంది.

చెట్టు వైపు నుంచి కూడా కారణాలున్నాయి. రోడ్డు పక్క చెట్టుకు వేళ్లలో ఎక్కువ భాగం పై మీటరు మట్టిలోనే అల్లుకుంటుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, పైపులైను తవ్వినప్పుడో ఒక వైపు వేళ్లు తెగిపోతాయి. ఇక తీగలకు తగులుతున్నాయని ఏటా నడిమికి నరికే కొమ్మల సంగతి ఇంకో రకం. నరికిన చోట గుత్తులు గుత్తులుగా కొత్త చిగుళ్లు లేచి మూడు నాలుగేళ్లలో లావెక్కుతాయి. కానీ అవి పాత కొమ్మలా మానులో లోతుగా పాతుకుని ఉండవు, పైపొరకే అంటుకుని ఉంటాయి. నరికిన గాయం లోపల పుచ్చుతుంది కూడా. లైనును కాపాడటానికి చేసిన పనే కొన్నేళ్లకు లైను మీద విరిగిపడే కొమ్మను తయారు చేస్తుంది. కొమ్మను మొదలు దగ్గర, మెడ చెడకుండా కోయడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. అయినా ఆ పద్ధతి మన ఊళ్లలో చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఇప్పుడు కొమ్మ తీగ మీద ఉంది. 100 కిలోల కొమ్మ పడితే తీగ మీద భారం 100 కిలోలే అనుకుంటాం. అసలు లెక్క వేరు. రెండు స్తంభాల మధ్య దూరం 60 మీటర్లు, కొమ్మ సరిగ్గా మధ్యలో ఒకే తీగ మీద ఆగింది, తీగ అక్కడ 2 మీటర్లు కుంగింది అనుకుందాం. కొమ్మ బరువును రెండు వైపుల తీగ చెరి 50 కిలోలు మోయాలి. కానీ తీగ దాదాపు అడ్డంగా ఉంది. 30 మీటర్ల పొడవుకు వాలు 2 మీటర్లే. అలాంటి తీగ పైకి 50 కిలోలు ఎత్తాలంటే తన పొడవు వెంట దానికి 15 రెట్లు, అంటే సుమారు 750 కిలోల బిగువు ఉండాలి. పల్లె లైన్లలో వాడే సన్న అల్యూమినియం తీగ వెయ్యి కిలోల పైచిలుకు బిగువుకు తెగిపోతుంది. చూడటానికి కాస్త కుంగినట్టున్న ఆ తీగ, తెగిపోయే హద్దులో సగం దాటేసింది.

స్తంభం సంగతి ఇంకా సున్నితం. 11 కేవీ లైన్లకు మన దగ్గర విరివిగా వాడే 9.1 మీటర్ల సిమెంటు స్తంభం పక్కన 280 కిలోలు అనే అంకె ఉంటుంది. అది స్తంభం బరువు కాదు. పైకొన దగ్గర పక్కకు లాగితే మామూలుగా ఎంత బలాన్ని ఓర్చుకోవాలో చెప్పే అంకె అది. విరగడానికి అంతకు రెండింతల పైన కావాలి. రెండు వైపుల తీగలూ సమానంగా లాగుతున్నంతసేపు 750 కిలోల బిగువులోనూ స్తంభం నిలబడే ఉంటుంది. ఒక వైపు తీగ తెగినా, కొమ్మను ఒక్క దెబ్బకు నరికి బరువు తీసేసినా ఆ తూకం చెదిరిపోతుంది. తీగ పైకి ఎగిరి కొడుతుంది, స్తంభం ఊగుతుంది. గాలికి అప్పటికే మొదలు దగ్గర సన్నగా పగిలిన స్తంభమైతే విరుగుతుంది. స్తంభమెక్కి నడుముకు బెల్టు కట్టుకున్న మనిషికి ఆ క్షణంలో బెల్టు రక్షణ కాదు, స్తంభంతోపాటే అతన్ని కిందికి లాక్కుపోయే బంధం. అందుకే అనుభవమున్న లైన్‌మన్ ముందు చెట్టును చూడడు. ఇటు రెండు, అటు రెండు స్తంభాల మొదళ్లు చూసి, స్టే వైర్లు పట్టి లాగి చూసి, తర్వాతే చెట్టు దగ్గరికి వస్తాడు.

కర్రలో దాగిన శక్తి కూడా ఇలాంటిదే. వంగిన కొమ్మకు ఒక పక్క నార సాగి ఉంటుంది, రెండో పక్క నొక్కుకుపోయి ఉంటుంది. నొక్కుకున్న పక్క కోస్తే గాటు మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. సాగిన పక్క కోస్తే గాటు ఒక్కసారి తెరుచుకుని కొమ్మ చీలిపోతుంది. పెద్ద చెట్టు కింద పడి, కొన నేలకు తగిలి వంగిన చిన్న చెట్లు మరీ ప్రమాదం. నల్లమల చెంచులు ఎక్కుపెట్టిన విల్లు అది. అందులో ఎంత బలం ఉందో పైకి తెలియదు, కోసేవాడి ముఖం సరిగ్గా అది విడుచుకునే దారిలో ఉంటుంది. సాగిన పక్కన లోతుగా కోయకుండా, నొక్కుకున్న పక్క కొద్దికొద్దిగా చెక్కుతూ బిగువును నెమ్మదిగా వదిలించాలి. ఎదురుగా కాక పక్కన నిలబడాలి.

బరువు లెక్క కూడా కన్ను సరిగా అంచనా వేయలేదు. 30 సెంటీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవున్న పచ్చి మొద్దు ఉజ్జాయింపుగా 190 కిలోలు తూగుతుంది. 4 మీటర్ల ఎత్తు నుంచి జారితే నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు 32 కిలోమీటర్లు. తలకు హెల్మెట్ ఉన్నా, ఆ మొద్దు కింద మెడ నిలవదు. ఇక కోసే మిషన్. దాని గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. పట్టీ కొన పైభాగం మరో కొమ్మకు తగిలితే మిషన్ మొత్తం వెనక్కి తిరిగి మనిషి మెడ వైపు లేస్తుంది. అది జరగడానికి సెకనులో పదో వంతు చాలు. మనిషి చెయ్యి స్పందించడానికి అంతకు రెండింతలు పడుతుంది. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చేత్తో మిషన్ నడిపేవాళ్లను చూసినప్పుడల్లా ఈ రెండు అంకెలు వాళ్లకెవరైనా చెప్పారా అనిపిస్తుంది.

ఇన్ని చెప్పినా జనం భయపడేది కరెంటుకే. ఆ భయం సరైనదే. మన దేశంలో ఏటా విద్యుదాఘాతంతో చనిపోయేవారు 10 వేలకు పైనే. కానీ ఆ భయం ఒక తప్పుడు ధీమాతో కలిసి ఉంటుంది: తీగ తెగి కింద పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఎలాగూ పడిపోతుంది కదా అని. ప్రతిసారీ పడదు. బ్రేకర్‌ను పడగొట్టే రిలే ఒక హద్దుకు మించిన కరెంటు పారితేనే కదులుతుంది. తీగ ఎండిన ఇసుక నేల మీదో, తారు రోడ్డు మీదో, చెట్టు కొమ్మ మీదో పడితే ఆ దారిలో నిరోధం ఎక్కువ. కొన్ని ఆంపియర్లే పారుతాయి. రిలేకు అది మామూలు వాడకంలాగే కనిపిస్తుంది. తీగ నేల మీద, కరెంటు తీగలో. ఇంకొకటి, బ్రేకర్ పడిపోయినా అది తాత్కాలిక లోపమేమోనని ఆపరేటర్ ఫీడర్‌ను మళ్లీ ఛార్జ్ చేసి చూడటం మామూలే. అప్పటిదాకా చడీచప్పుడు లేని తీగ ఆ క్షణంలో ప్రాణం పోసుకుంటుంది.

అలాంటి తీగ చుట్టూ నేలే ప్రమాదం. తీగ తాకిన చోటి నుంచి 10 ఆంపియర్లు మామూలు చెల్క నేలలోకి పారుతున్నాయని లెక్క వేస్తే, మీటరు దూరంలో ఒక కాలు, ముప్పావు మీటరు అవతల ఇంకో కాలు పెట్టిన మనిషి రెండు కాళ్ల మధ్య 200 వోల్టుల తేడా ఉండొచ్చు. తీగను తాకనే అక్కర్లేదు, అడుగు వేస్తే చాలు. ఆవుకూ బర్రెకూ ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, గుండె ఆ దారిలోనే ఉంటుంది. తెగిన తీగ దగ్గర మనుషుల కంటే ముందు పశువులు పడిపోవడానికి కారణం ఇదే. అదే 10 మీటర్ల దూరంలో అడుగుకు ఆ తేడా మూడు నాలుగు వోల్టులకు తగ్గిపోతుంది. దగ్గరలో చిక్కుకున్నవాళ్లు పరుగెత్తకూడదు. రెండు పాదాలూ ఆనించి, నేల విడవకుండా కొద్దికొద్దిగా జరుపుకుంటూ దూరం పోవాలి.

ఇక లైన్‌మన్లకు బాగా తెలిసి, మిగతా జనానికి అసలు తెలియని ప్రమాదం ఒకటుంది. సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ఆపారు, ఎల్‌సీ తీసుకున్నారు, అంటే లైన్ క్లియర్ అయింది. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ కూడా తెరిచారు. లైను చచ్చినట్టే. అప్పుడు అర కిలోమీటరు అవతల ఫంక్షన్ హాలులోనో, రైస్ మిల్లులోనో ఎవరో జనరేటర్ వేస్తారు. మెయిన్ వైపు తెగ్గొట్టే ఛేంజోవర్ స్విచ్ లేదు. ఆ 415 వోల్టులు వైర్ల వెంట వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిక్కుతో పని లేదు. 11,000 వోల్టులను 415 చేసే అదే యంత్రం, 415ను 11,000 చేసి పైకి పంపుతుంది. మామూలు రోజైతే ఊరి వాడకమంతా మీద పడి జనరేటర్ ఆగిపోయేది. గాలిదుమారం రోజు లైను ముక్కలై ఉంటుంది, మోయాల్సిన భారం తక్కువ, జనరేటర్ నిక్షేపంగా నడుస్తుంది. ఇంట్లో అడ్డగోలుగా కలిపిన ఇన్వర్టర్ చేసే చేటు కూడా ఇలాంటిదే.

దీనికి విరుగుడు ఒక్కటే, అది చాలా పాతది, చాలా చవకది: పని చేసే చోటుకు రెండు వైపులా మూడు తీగలనూ కలిపి ఎర్త్ రాడ్లు వేయడం. ఎటునుంచి కరెంటు వచ్చినా మనిషి ఒంట్లోంచి కాక ఆ రాడ్ల గుండా నేలలోకి పోతుంది. పక్కనే పోతున్న పెద్ద లైన్ల ప్రభావంతో ఆగిన లైనులో పుట్టే వోల్టేజీకి కూడా ఇదే మందు. దోమలపెంట దగ్గరి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం నుంచి అధిక వోల్టేజీ లైన్లు బయలుదేరే ఈ ప్రాంతంలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏబీ స్విచ్ విషయంలోనూ ఒక చిన్న చూపు కావాలి. హ్యాండిల్ లాగితే మూడు బ్లేడ్లూ తెరుచుకోవాలి. తుప్పుతోనో, వేడికి అతుక్కునో ఒకటి మూసే ఉండిపోవచ్చు. కింద హ్యాండిల్ చూసి సరిపెట్టుకోకుండా టార్చి వేసి పైనున్న మూడు బ్లేడ్లనూ విడివిడిగా చూడాలి. పది సెకన్ల పని.

ఒంట్లో కరెంటు ఏం చేస్తుందో మొదట కొలిచి చూపినవారిలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ ముఖ్యుడు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చేతుల్లో కొద్దికొద్దిగా కరెంటు పంపి, ఎంత దాటితే పట్టు విడవలేరో ఆయన పరిశీలించారు. మగవారిలో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారిలో పదికి కాస్త పైన. అది దాటితే పిడికిలి బిగుసుకుపోతుంది, తీగ మనిషిని పట్టుకున్నట్టే. చెమటతో, వానతో తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే ఇంటి కరెంటు 230 వోల్టులకే 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. పట్టు విడవలేని హద్దుకు 14 రెట్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

బతికి బయటపడ్డవాళ్ల గాయాన్ని చూసినవాళ్లు మోసపోతారు. అరచేతిలో పావలా బిళ్లంత మచ్చ, అరికాలిలో ఇంకొకటి. మధ్యలో ఎముకలను అంటిన కండరం ఉడికిపోయి ఉంటుంది. చెడిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను పూడుస్తుంది. మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. మొద్దు కింద గంటల తరబడి కాలు చిక్కుకున్న మనిషికీ ఇదే జరుగుతుంది. 1941లో లండన్ మీద బాంబులు పడిన రోజుల్లో శిథిలాల కింద నుంచి క్షేమంగా తీసినవాళ్లు కొద్దిరోజులకే మూత్రపిండాలు చెడి చనిపోవడాన్ని ఎరిక్ బైవాటర్స్ అనే వైద్యుడు వివరించాడు. రెండు గాయాలకూ మొదటి చికిత్స త్వరగా సెలైన్ ఎక్కించడం. అచ్చంపేట నుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రులు వంద కిలోమీటర్లకు పైనే. కాబట్టి సెలైన్ ఇక్కడే మొదలవ్వాలి, ఇసీజీ ఇక్కడే తీయాలి. మచ్చ చిన్నదే కదా అని షాక్ కొట్టిన మనిషిని ఇంటికి పంపేయకూడదు.

ఇంత తెలిసీ ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి? ఫోన్లు వినండి. "సారూ, కరెంటు ఎప్పుడొస్తది? పొద్దుగాల్నించి నీళ్లు లేవు." పది నిమిషాలకో ఫోను. అడిగేవాళ్ల ఇబ్బంది నిజమైనదే. ఒకేసారి నాలుగు చోట్ల చెట్లు పడ్డప్పుడు ముందుగా కోత పడేది ఎర్త్ రాడ్లు వేసే పావుగంటకే. చీకటిపడ్డాక పొలాల్లో లైను వెంట నడవాలి. పందుల కోసం గట్ల మీద ఎవరైనా కరెంటు తీగ కట్టి ఉంటే అది వేరే ఉచ్చు. కూలిన మానుకు పెద్ద తేనెపట్టు ఉంటే ఈగలు రేగి ఉంటాయి, ఆకుల కుప్పలో రక్తపింజర ఉండొచ్చు. అన్నిటికంటే బాధించే సంగతి, చెట్టెక్కేది చాలాసార్లు అందరికంటే తక్కువ శిక్షణ ఉన్న మనిషి. తెలంగాణ విద్యుత్ సంస్థలు 2017లో ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్లుగా తీసుకున్నాయి. వారికి ఒక గుర్తింపు వచ్చింది. ఊళ్లోంచి రోజు కూలికి పిలుచుకొచ్చిన మనిషికి అదీ లేదు. అతనికి హెల్మెట్ ఉండదు, చెప్పులతోనే చెట్టెక్కుతాడు. కిందపడితే అతను ఎవరి కార్మికుడో తేలడానికే నెలలు పడుతుంది. ఇది నాకు ఒప్పుకోబుద్ధి కాని సంగతి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళాన్ని కొట్టినప్పుడు బయటి జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బంది వెళ్లి పనిచేశారు. కొత్త చోట ఏ ఫీడర్ ఎటు పోతుందో, ఏ స్విచ్ ఏ లైనుదో తెలియదు. అలాంటప్పుడు ఎల్‌సీ ఒకరు తీసుకుని, ఇంకొకరు తిరిగి ఇచ్చే పొరపాటుకు చోటుంటుంది. ఎవరు తీసుకున్నారో వారే, తమ మనుషులందరినీ లెక్కపెట్టుకుని, ఎర్త్ రాడ్లు తీశాకే తిరిగి ఇవ్వాలన్న నియమం అందుకే. అమెరికాలో తీగల పక్కన చెట్లు కోయడాన్ని ప్రత్యేక వృత్తిగా గుర్తించి వేరే శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ లేనివాళ్లు 50 కేవీ వరకు ఉన్న తీగలకు 10 అడుగుల లోపలికి పోకూడదు. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలూ లైనును ఆపి, ఎర్తింగ్ చేసి, రక్షణ సామగ్రితోనే ముట్టాలంటాయి. నిబంధన ఉంది. ఒక్కో సెక్షన్‌కు సరిపడా ఎర్త్ రాడ్లు, పనిచేసే వోల్టేజీ డిటెక్టర్, కోసేవాడికి గొలుసును పట్టి ఆపే దళసరి ప్యాంటు ఉన్నాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న. వానాకాలం మొదలయ్యాక అడిగితే ఆలస్యమైనట్టే, మార్చిలో అడగాలి.

చెట్ల వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. 2015లో హరితహారం మొదలయ్యాక రోడ్ల వెంట నాటిన మొక్కల్లో చాలావాటికి ఇప్పుడు పదేళ్లు. వీధి వెంట 11 కేవీ తీగ నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలని నియమం. కానుగ, నేరేడు, రావి ఆ ఎత్తును సులువుగా దాటేస్తాయి. తీగ కింద గన్నేరు, నందివర్ధనం, కరివేపాకు, తంగేడు లాంటివి నాటితే వాటి జోలికి గొడ్డలి పోనక్కర్లేదు. జూన్‌లో గుంతలు తవ్వేముందు పంచాయతీవాళ్లు ఒకసారి తలెత్తి తీగలు ఏ పక్క పోతున్నాయో చూసుకుని, పెద్ద చెట్లయ్యే మొక్కలను రోడ్డుకు రెండో పక్కన పెట్టిస్తే సరిపోతుంది.